రోడ్డు మీద కూర్చోవడం నేర్పిన మావయ్య

మా పక్కింటి మావయ్య పోయారని మొన్న బందరులో ఉండగా ఫోనొచ్చింది. గుండెపోటట. ఏ ప్రభుత్వమూ మూయించలేని నోరు నిద్రలో మూతపడిందని బరువుగా రాయాలనుంది గానీ, చదివితే ఆయనే "తగ్గించరా" అనేవారు. గూడూరు సెంటర్లో ధర్నా వల్ల మీరెప్పుడైనా బస్సులో ఇరుక్కుని ఎవరినో తిట్టుకుని ఉంటే, అది ఆయన్నే. అంబులెన్సుకు మాత్రం ముందే దారి వదిలించేవారని మనవి.

ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేవారు. మిగతా రోజుల్లో నినాదం. రెండింటికీ ఒకటే గొంతు.

తాను ఓటేసిన పార్టీ గెలిచిన నెలకే కాలవ నీళ్ల కోసం ఎమ్మెల్యే ఇంటి ముందు కూర్చున్నారు. మనోళ్లే కదా మావయ్యా అంటే, "మనోళ్లు కాబట్టే అడుగుతున్నాం. పరాయోణ్ణి ఎవడడుగుతాడు?" అన్నారు. ఓటేస్తే మన పని అయిపోయిందనుకోవడం, పెళ్లిచూపులతో కాపురం అయిపోయిందనుకోవడం లాంటిదట.

మా పొలాలు కాలవ చివరన. పోయినేడు వరి చేలు కంకి వెయ్యబోతూ పొట్ట మీదుండగా నీళ్లు ఆగిపోయాయి. మళ్లు నెర్రెలిచ్చాయి. ఇంకో వారం దాటితే కంకుల్లో గింజ ఉండదు, తాలే. రోడ్డెక్కి కూర్చున్నాం. మధ్యాహ్నానికి పోలీసులు లాఠీలతో ఎదురుగా వరస కట్టారు. నా పక్కన మా బావ, మేనత్త కొడుకు, కూర్చున్నాడు. అతని చేతిలోకి రాయి ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. ఎస్సై చూశాడు. ఆ రాయి లేచిందంటే నీళ్ల మాట పోయి కేసుల మాటే మిగులుతుంది.

మావయ్య నినాదం సగంలో ఆపేశారు. తాపీగా నడిచొచ్చి బావ ముందు కూర్చుని మైకు చాచారు.

"నా గొంతు పోయిందిరా అబ్బాయ్. నువ్వందుకో."

బావ ఎడంచెయ్యి చాచాడు.

"ఆ చెయ్యి కాదు. కుడిది."

ఎదుటి వరస ఒక అడుగు ముందుకేసింది. మాలో ఎవరూ కదల్లేదు. రాయి తారు మీద పడిన చప్పుడు అందరికీ వినిపించింది. బావ మైకు అందుకుని, జీరగొంతుతో "నీళ్లు" అన్నాడు. "కావాలి" అన్నాం. ఎస్సై చెయ్యెత్తి తనవాళ్లను ఆపాడు.

"నోటికి పని చెబితే చేతులు ఊరుకుంటాయి," అన్నారు మావయ్య తర్వాత టీ తాగుతూ. గొంతు భేషుగ్గా ఉంది.

వారం దాటకుండానే పైన లాకుల దగ్గర షట్టర్లు ఎత్తారు. ఆ సాయంత్రం ఊరంతా గట్టు మీదికి చేరింది. ఎండిన కాలవ అడుగున, గడ్డీ గాదం నెట్టుకుంటూ నురగ నెమ్మదిగా పాకి వస్తోంది. దానికి రెండడుగుల ముందు మావయ్య, లుంగీ పైకి కట్టి, చూపు నీళ్ల మీంచి తిప్పకుండా, ఒక్క మాటా మాట్లాడకుండా, మా చేల వైపు వెనక్కి వెనక్కి నడుస్తున్నారు.