పై కన్నం, కింది కన్నం

టైలరమ్మ నోట్లోంచి మాట రావాలంటే ముందు గుండుసూదులు రావాలి. కొలతలు తీసుకుంటున్నా, బేరమాడుతున్నా, కూతుర్ని కసురుతున్నా ఆమె పెదాల మధ్య మూడో నాలుగో సూదులు ఉండాల్సిందే. "ఈవిడ నోటికి కాజా కుట్టుకుని గుండీ పెట్టేసుకుంది" అని పక్కన ఇస్త్రీ బల్ల పెట్టుకున్నాయన నలభై ఏళ్లుగా ఎగతాళి చేస్తున్నాడు. ఎగతాళికే అన్నా ఉన్నమాటే అన్నాడు.

ఎందుకంటే ఆ సూదుల వెనక ఇంకో మాట ఉంది. తొమ్మిదేళ్ల వయసులో తన తమ్ముణ్ణి తనే చంపుకుందని ఆమె నమ్మకం. ఆ సంగతి కట్టుకున్నవాడికి చెప్పలేదు, ఆయన పోయాడు. కన్న కూతురికి చెప్పలేదు. కన్నతల్లికి చెప్పాలని ఎన్నిసార్లు గడప దాకా వెళ్లిందో, ఎన్నిసార్లు వెనక్కి వచ్చిందో లెక్కలేదు. ఆ తల్లీ పోయి పాతికేళ్లు దాటింది. ఇప్పుడు టైలరమ్మకి అరవై ఎనిమిది. సూదిలో దారం ఎక్కించడానికి కూతుర్ని పిలవాల్సి వస్తోంది. పోయేలోపు ఎవరితోనైనా ఒక్కసారి చెప్పేయాలన్న తపన మాత్రం ఏడాదికేడాది పెరుగుతోంది.

కూతురు బస్సు కండక్టరు. కన్నతల్లి ఎక్కినా టికెట్టు కొట్టే రకం. ఒకరోజు డ్యూటీ దిగి, బస్సులో అంటించిన కాగితం ఒకటి పట్టుకొచ్చింది. రైలు పట్టాల అవతల ముళ్లకంపల్లో పడి ఉన్న పాత కోక్ బట్టీలను ఎవరో సర్వే చేస్తున్నారట. అక్కడ పనిచేసినవాళ్లు, కాపురమున్నవాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే వచ్చి చెప్పాలట.

"బట్టీల్లో కాపురాలేంటమ్మా, విడ్డూరం కాకపోతే! రొట్టెల్లా కాలిపోరూ?" అని నవ్వింది కూతురు.

టైలరమ్మ నోట్లోని సూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చింది.

"నేను కాలిపోలేదుగా," అంది.

కూతురి నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. నలభై రెండేళ్లుగా తల్లి పుట్టింటి ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ మిషను చప్పుడే సమాధానంగా విన్న పిల్ల అది. ఆదివారం సెలవు పెట్టుకుని తల్లిని తనే తీసుకెళ్తానంది. దారంతా ఏమీ అడగలేదు. అడగకుండా ఉండటం ఆ మనిషికి ఎంత కష్టమో ఆ రూట్లో ఎక్కే ప్రయాణికులందరికీ తెలుసు.

కోక్ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. ఇనుము కరిగించే కొలిమికి మామూలు బొగ్గు పనికిరాదు. దాన్ని గాలి ఆడకుండా రెండు మూడు రోజులు మగ్గబెడితే పొగా తారూ పోయి గట్టి బూడిదరంగు బొగ్గు మిగులుతుంది. అదే కోక్. అందుకోసం బోర్లించిన కుండల్లాంటి ఇటుక బట్టీలు కట్టారు, వరసకి నలభై చొప్పున రెండు వరసలు. ఒక్కోదానికి నెత్తిన ఒక కన్నం, బొగ్గు పోయడానికి. ముందు ఒక ద్వారం, కాలిన కోక్ బయటికి లాగడానికి. బొగ్గు పోశాక ఆ ద్వారాన్ని ఇటుకలు పేర్చి, బంకమట్టి మెత్తి మూసేవాణ్ణి తలుపు మేస్త్రి అనేవారు. టైలరమ్మ నాన్న తలుపు మేస్త్రి.

పైన ఒకడు, కింద ఒకడు. ఒకరికొకరు కనపడరు. ఒకడు ఏం చేశాడో రెండోవాడికి తెలియకపోతే లోపలి గాలి మండి మొహాన కొడుతుంది. అందుకని అక్కడ ఒకటే చట్టం. పైదైనా కిందిదైనా, కన్నం మూసినవాడు మూశానని కేకెయ్యాలి. రెండోవాడు విన్నానని బదులివ్వాలి. ఆ బదులు వచ్చేదాకా కుంపటి కూడా ముట్టించకూడదు.

తర్వాత కంపెనీ మూతపడింది. అదే ఏడాది నాన్న ఊపిరితిత్తులు కూడా మూతపడ్డాయి. క్వార్టర్సు ఖాళీ చెయ్యమన్నారు. గోరుచుట్టు మీద రోకలిపోటంటే అదే. పోవడానికి ఇంకో చోటు లేనివాళ్లు ఆరిపోయిన బట్టీల్లోకి చేరారు. చంకలో మూడు నెలల పిల్లాడు, పక్కన తొమ్మిదేళ్ల పిల్లతో అమ్మ ముప్పై ఒకటో నంబరు బట్టీలోకి వచ్చింది. ద్వారానికి సగం దాకా ఇటుకలు పేర్చి, మిగతా సగానికి రేకు తలుపు పెట్టుకుంది. నేలకి ఆనుకుని ఒక ఇటుకంత సందు వదిలింది. అది కింది కన్నం. నెత్తిన ఉన్నది పై కన్నం. పని పోయినా బట్టీల చట్టం మాత్రం పోలేదు. ఎనభై కొంపల్లోనూ ఎవరు ఏది మూసినా కేకేసి చెప్పేవాళ్లు. రెండు కన్నాలూ మూసుకుపోతే కోక్ కుంపటి విషగాలి మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది మరి.

బట్టీలకు చేరేసరికి పది దాటింది. సర్వే అమ్మాయి టేపు, డబ్బా, చీపురు లాంటి బ్రష్షులు పరుచుకుని ఎండలో కూర్చుని ఉంది. వీళ్లని చూడగానే లేచి వచ్చింది.

"అమ్మమ్మగారూ, మీరు నిజంగా ఇక్కడే ఉన్నారా? ఇన్నాళ్లకి మీరొక్కరే దొరికారు నాకు," అంది.

"దొరికేవాళ్లు ఇంకెవరున్నార్లే అమ్మా," అంది టైలరమ్మ.

ఆమె కళ్లు అప్పుడే వరసలో బట్టీలు లెక్కపెడుతున్నాయి. సగం కూలిపోయాయి. కొన్నింటి నెత్తిన చెట్లు మొలిచాయి. ముప్పై ఒకటో నంబరు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. చావు జరిగిన కొంప అని తర్వాత ఎవరూ అందులో చేరలేదు, ఇటుకలకైనా ఎవరూ చెయ్యి పెట్టలేదు.

వంగి లోపలికి వెళ్లింది. మనిషి నిలబడితే తల తగిలేంత ఎత్తు, నాలుగు అడుగులేస్తే అయిపోయే వెడల్పు. పై కన్నంలోంచి ఎండ పళ్లెమంత మేర నేల మీద పడుతోంది. ఆ కన్నానికి అడ్డంగా ఇనుప కడ్డీ ఇంకా ఉంది.

"ఈ కడ్డీ ఏంటో మాకు అంతుపట్టలేదండీ. బట్టీ పనికి సంబంధం లేదు," అంది సర్వే అమ్మాయి.

"ఉయ్యాల," అంది టైలరమ్మ.

అలా మొదలైంది. అక్కడే ఒక ఇటుక మీద కూర్చుని, కూతురి మొహం చూడకుండా, గోడకి చెప్పినట్టు చెప్పింది.

ఆ రోజు పొద్దున్నుంచీ వాన. తమ్ముడికి ఎనిమిది నెలలు, ఒళ్లు కాలిపోతోంది, చలికి వణుకుతున్నాడు. అమ్మ కుంపట్లో కోక్ ముక్కలు వేసి ఉయ్యాల పక్కన పెట్టింది. చినుకులు పై కన్నంలోంచి ఉయ్యాలలో పడుతున్నాయి. పిల్ల బయటికి వెళ్లి, ఎక్కడో రేకు వెతికి తెచ్చి, బట్టీ పైకెక్కి, కన్నం మీద మూసింది. కేకెయ్యలేదు. అదే సమయానికి పక్క బట్టీల పిల్లలు బూడిదగుట్టకి రమ్మని పిలిచారు. వాన పడితే గుట్ట కరిగి మంచి కోక్ ముక్కలు బయటపడతాయి, ముందు వెళ్లినవాళ్లకే దొరుకుతాయి. అటునుంచి అటే పరిగెత్తింది.

"గంటకో ఎంతకో వాన తగ్గింది. వచ్చాను. ముందు పైకెక్కి రేకు తీసేశాను, అమ్మ తిడుతుందని. లోపల అమ్మ లేదు, మందుకని కాంపౌండరు దగ్గరికి వెళ్లింది. వాడు నిద్రపోతున్నట్టే ఉన్నాడే. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. జ్వరం తగ్గిందనుకుని ఉయ్యాల ఊపాను. అమ్మ వచ్చేదాకా ఊపుతూనే ఉన్నాను."

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సర్వే అమ్మాయి రాస్తున్న పెన్ను ఆపేసింది.

జ్వరం తీసుకుపోయిందని అందరూ అన్నారు. అమ్మా అదే అంది. ఆ సాయంత్రమే పోయిన నాన్న చొక్కాలో చుట్టి వాణ్ణి తీసుకెళ్లి పూడ్చి వచ్చారు. మళ్లీ ఆ బట్టీలో అమ్మ కాలు పెట్టలేదు. ఊళ్లో ఒక కుట్టుమిషను షాపు వెనక గదిలో చేరింది, కాజాలు కుడుతూ కూతురికి పని నేర్పింది. కానీ ఆ గదిలో తలుపు మూయనిచ్చేది కాదు. కిటికీ మూస్తే లేచి తెరిచేది. చలికి పళ్లు టకటకలాడుతున్నా, వాన జల్లు పక్క మీద పడుతున్నా తెరిచే ఉంచేది. ఇరుగుపొరుగు ఆమెకి గాలిపిచ్చి అని పేరు పెట్టారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తెరిచిన ప్రతి కిటికీ తనవైపే వేలు చూపిస్తోందని పిల్లకి అనిపించేది. అమ్మకి రేకు సంగతి తెలుసు, తిట్టకుండా ఇలా సాధిస్తోంది అనుకుంది. పెళ్లయ్యాక పుట్టింటికి వెళ్లడం తగ్గించింది. వెళ్లినా అరగంటకి మించి కూర్చునేది కాదు. తల్లీకూతుళ్ల మధ్య మాటలు మందు వేసుకున్నావా, అన్నం తిన్నావా దగ్గరే ఆగిపోయాయి.

"ఇదిగో, ఇప్పటికి చెప్పాను," అంది టైలరమ్మ. "రాసుకో అమ్మా. నిజం రాసుకో."

సర్వే అమ్మాయి ఏమీ రాయలేదు. పని మాటే అడిగింది.

"కింది కన్నం ఎటువైపు ఉండేదండీ?"

"ద్వారానికి ఎడమవైపు. నేలకి ఆనుకుని."

ఆ అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని అక్కడి రాళ్లూ మట్టీ తప్పించింది. బ్రష్షుతో ఊడ్చింది. కాసేపు చూసి, "ఇక్కడ కన్నం లేదండీ. మూసేసి ఉంది," అంది.

"మూసెయ్యడమేంటి? అది ఎప్పుడూ మూసేవాళ్లం కాదు," అంటూ టైలరమ్మ లేచి వచ్చింది.

ఇటుకంత సందులో గుడ్డ కుక్కి, దాని మీద బంకమట్టి మెత్తి ఉంది. మట్టి ఎండి రాయిలా అయింది. అంచున గుడ్డ కొస బయటికి కనిపిస్తోంది. సర్వే అమ్మాయి మట్టిని మెల్లగా వదులు చేసి గుడ్డ లాగింది. నీలంరంగు చొక్కా చెయ్యి అది. నిప్పురవ్వ పడిన చోట మాసిక వేసి ఉంది.

టైలరమ్మ దాన్ని వెలుగులోకి తీసుకెళ్లి కళ్ల దగ్గర పెట్టుకుంది. కళ్లు సహకరించకపోతే వేళ్లతో తడిమింది. దారానికి ముడి లేదు. రెండుసార్లు వెనక్కి కుట్టి తెంపారు. ఊళ్లో అలా కుట్టేవాళ్లు ఇద్దరే. ఒకరు పోయారు, రెండోది తను.

"నాన్న చొక్కా," అంది. "ఆ పొద్దున నేనే దీన్ని తమ్ముడి కింద పరిచాను. అప్పుడు రెండు చేతులూ ఉన్నాయి."

కూతురు ఆ చొక్కా చెయ్యినీ సందునీ మార్చి మార్చి చూసింది. "అంటే ఇది మూసింది అమ్మమ్మా?"

"నేను రేకు వెతుకుతుండగా, వాన నీళ్లు లోపలికి వస్తున్నాయని మూసి మందుకి వెళ్లుంటుంది. పైది తెరిచే ఉందనుకుంది. నేను వచ్చి రేకు తీసేశాగా, తిరిగొచ్చి చూసినా తెరిచే ఉంది. కేకేద్దామన్నా నేనెక్కడున్నాను?"

"రెండిట్లో ఒక్కటి తెరిచి ఉన్నా పిల్లాడు..." అని సర్వే అమ్మాయి నాలిక కరుచుకుంది. "ఏమోనండీ. గట్టిగా ఎవరూ చెప్పలేరు."

నేరం సగానికి సగం తగ్గింది కదా, మనిషి తేలికపడాలి. టైలరమ్మ తేలికపడలేదు. అరవై ఏళ్లుగా తమ్ముడి కోసం ఏడుస్తూనే ఉంది, ఇప్పుడు మొదటిసారి అమ్మ కోసం ఏడ్చింది. గుడ్డముక్క ఒళ్లో పెట్టుకుని, నేల మీద చతికిలబడి, వయసూ పరువూ చూసుకోకుండా ఏడ్చింది. కూతురు పక్కన కూర్చుని వీపు రాస్తూ ఉంది. సర్వే అమ్మాయి డబ్బా తీసుకుని మెల్లగా బయటికి వెళ్లిపోయింది.

"ఊరుకో అమ్మా," అంది కూతురు. "నీ తప్పూ కాదు, అమ్మమ్మ తప్పూ కాదు. ఆవిడ కోపమంతా తన మీదే, నీ మీద కాదని తెలిసిందిగా."

"అందుకేనే నా ఏడుపు." టైలరమ్మ ముక్కు తుడుచుకుంది. "ఆస్పత్రిలో ఆఖరి రోజున నా చెయ్యి పట్టుకుంది. 'ఆ వాన రోజు గురించి నీకో మాట చెప్పాలే' అంది. నా రేకు సంగతి ఎత్తుతుందనుకుని హడలిపోయాను. 'ఇప్పుడవన్నీ ఎందుకు, నోరు మూసుకుని పడుకో' అని కసిరాను."

"ఆవిడేమంది?"

"ఏమంటుందే. నేను చెప్పినట్టే పడుకుంది."