ఇంటికి తాళం

ఇస్త్రీ బండి ఎదురుగా ఆగి ఉండే పాత నీలం కారే టైలర్ బాబాయి ఇల్లు. ముందు సీటు వంటిల్లు, వెనక సీటు పడకగది. గడ్డం పక్కద్దంలో చూసి గీసుకుంటాడు, చెప్పులు బయటే విడిచి ఎక్కుతాడు, ఎవరైనా పలకరిస్తే తలుపు తీసి "లోపలికి రండి" అంటాడు.

తొమ్మిది వందల కిలోమీటర్ల అవతలి చెల్లెలు "ఈసారైనా రాకపోతే నీతో మాటల్లేవన్నయ్యా" అని ఫోనులో తేల్చి చెప్పడంతో వారం రోజులు ఒకటే హడావుడి. టైర్లకు గాలి కొట్టించాడు, సీటు కవర్లకు కొత్త కుట్లు వేశాడు, బట్టలారేసే తాడు విప్పి చుట్టాడు. ప్రయాణం రోజు పొద్దున్నే తల దువ్వుకుని, సంచీ భుజాన తగిలించుకుని దిగాడు. కారుకు తాళం వేసి, ఇల్లున్న రోజుల అలవాటు కొద్దీ తలుపు మూడుసార్లు లాగి చూసి, నాలుగడుగులు నడిచాడు. ఇస్త్రీ చేసే అమ్మాయి పకపకా నవ్వింది. "బాబాయ్, ఇల్లు కూడా మీతోనే వస్తోందిగా!" బాబాయి నాలిక్కరుచుకుని వెనక్కొచ్చి, చెప్పులు విడిచి ఎక్కి, ఇంజను స్టార్ట్ చేశాడు. "ఎవరైనా వచ్చి అడిగితే ఏం చెప్పను?" అందామె. బాబాయి కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఇంట్లోనే ఉన్నానని చెప్పమ్మా!" కారు మలుపు తిరిగింది. ఖాళీ అయిన చోట అతని చెప్పుల జత, నిజంగానే లోపల మనిషున్నట్టు, అలాగే ఉండిపోయింది.