మీ అత్త ఇంకా ఉందా?

మా మేనత్తకు ఎనభై ఒకటో ఏట డాక్టరు ఒక ప్రశ్న వేస్తే, ఆవిడ నోరు తెరిచేలోపే జవాబు నేను చెప్పేశాను. ప్రతిదానికీ మధ్యలో దూరడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న గుణం. మా ఆవిడ రోజూ తిడుతుంది కూడా.

విషయం ఇది. అత్త తన మనసు జబ్బుకు ముప్పై తొమ్మిదేళ్ళుగా ఒక మాత్ర వేసుకుంటోంది. అదొక రకం ఉప్పు. మా ఇంట్లో దాన్ని ఉప్పు మాత్ర అనే పిలుస్తాం. ఆ ఉప్పు ఇన్నాళ్ళూ మనసును నిలబెట్టింది గానీ, మూత్రపిండాలను తినేసిందని రక్తపరీక్షలో తేలింది. డాక్టరు మా పెద్దమ్మాయి ఈడు పిల్ల. కాగితం మావైపు తిప్పి నిదానంగా చెప్పింది. మాత్ర ఇలాగే వేసుకుంటే రెండు మూడేళ్ళు ప్రశాంతంగా గడవొచ్చు, ఆ తరువాత కష్టం. ఆపేస్తే, గుండె గట్టిది కాబట్టి తొంభై దాటినా ఆశ్చర్యం లేదు. కానీ పాత జబ్బు మళ్ళీ లేవొచ్చు, వేరే మందులేవీ ఇదివరకు ఆవిడకు పడలేదు. ఏం చేద్దామని అడిగింది.

"కొనసాగించండి. ఈ వయసులో ఇంకా ఎందుకండీ," అన్నాను నేను.

డాక్టరు నా మాట వినిపించుకోనట్టే అత్తవైపు తిరిగింది. "మీరు చెప్పండమ్మా."

"ఆపేయండి," అంది అత్త. "నాకు బతకాలని ఉంది."

ఆవిడకు సరిగా అర్థం కాలేదేమోనని డాక్టరు చేత మళ్ళీ మొదటి నుంచీ చెప్పించాను. అత్త శ్రద్ధగా విని, తలాడించి, అదే మాట చెప్పింది. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నంత తాపీగా ఉంది.

ఆవిడ జబ్బేమిటో తెలిస్తే నేనెందుకు అదిరిపోయానో అర్థమవుతుంది. ఇరవై మూడో ఏట మొదలైంది. వచ్చినప్పుడు నిద్ర ఉండేది కాదు, మాట ఆగేది కాదు. ఇంట్లో గిన్నెలూ దుప్పట్లూ దారినపోయేవాళ్ళకు పంచిపెట్టేది. ఒకసారి మేడ మీద పిట్టగోడ ఎక్కి నిలబడింది. ఆ ఊపు తగ్గాక నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకునేది. మా నాన్న ఆవిడకు అన్న. చెడ్డవాడు కాదు, భయస్తుడు. వెనక గది తలుపుకు బయటి నుంచి గడియ బిగించాడు. ఆవిడ లోపలి నుంచి తలుపు బాదుతూ ఉంటే, నేను ఇవతల కూర్చుని ఎక్కాలు చదువుకునేవాణ్ణి. ఆ చప్పుడుకు మేమందరం అలవాటు పడిపోయాం.

నలభై రెండో ఏట ఉప్పు మాత్ర వచ్చింది. గడియ పోయింది. నాన్న పోతూ పోతూ, "మీ అత్తను చూసుకో. ఎక్కువ కాలం కాదులే, ఇలాంటివాళ్ళు అరవై చూడరని పెద్ద డాక్టరే చెప్పాడు," అని నాకు ధైర్యం చెప్పాడు. నేనూ బుద్ధిగా తలూపాను. ఆవిడ అరవై చూసింది, డెబ్భై చూసింది, ఎనభై దాటి నిక్షేపంలా ఉంది. నేను దర్జీని, కోట్లు కుడతాను. కొలతలివ్వడానికి వచ్చిన పాత ఖాతాదారులు చేతులు చాపి నిలబడి, "మీ అత్త ఇంకా ఉందా?" అని జాలిగా అడిగేవాళ్ళు. ఆ జాలి నా మీద. "ఉందండీ, గుండ్రాయిలా ఉంది," అనేవాణ్ణి. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఆవిడ ఆరడుగుల దూరంలో కిటికీ దగ్గర కూర్చుని కాజాలు కుడుతూ ఉండేది.

కాజాలంటే గుండీలు దూర్చే చీలికలు. మా కొట్లో వాటిని ఇప్పటికీ చేత్తోనే కుడతాం, అది అత్త పని. గుడ్డ చీల్చి, మైనం రాసిన దారంతో అంచు చుట్టూ ఒక్కో కుట్టుకూ ముడి వేసుకుంటూ రావాలి. గోరు వెడల్పులో ఎనిమిది కుట్లు పడితే పని కుదిరినట్టు. మాత్ర మొదలైన కొత్తలో నేనో సంగతి కనిపెట్టాను. జబ్బు ముఖంలో కనిపించక ముందే కాజాలో కనిపిస్తుంది. ఊపు వస్తుంటే కుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి పన్నెండు పడతాయి. దిగాలు వస్తుంటే ఐదే పడి సందులు కనిపిస్తాయి. అప్పటి నుంచి రోజూ సాయంత్రం, ఆవిడ లేచి ఇంట్లోకి వెళ్ళగానే, భూతద్దం పెట్టి లెక్కపెట్టేవాణ్ణి. మొదటి ఏడాది తప్ప ఎప్పుడూ ఎనిమిదే. జబ్బు నయమైందని నాకు డాక్టరు చెప్పక్కర్లేదు, నా లెక్క నాకుంది.

ఆసుపత్రి నుంచి వచ్చి మా ఆవిడ దగ్గర చిందులు తొక్కాను. ముప్పై తొమ్మిదేళ్ళ నెమ్మదిని అత్త చేతులారా చెత్తలో పారేస్తోందని, చూడాల్సింది మనమేనని అరిచాను. మా ఆవిడ మొత్తం విని, "ఎవరినైనా చావమంటే సరే అంటారా?" అంది.

"నేను చావమన్నానా?"

"మరేమన్నారు?"

చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాను. మర్నాడు పొద్దున్నే, అత్త కొట్లో ఉండగా, ఇనుప సామాన్ల దుకాణానికి పోయి ఒక గడియ కొనుక్కొచ్చాను. ఆవిడ గది తలుపుకు బయటివైపు బిగించాను. ముందుజాగ్రత్త అని నాకు నేను చెప్పుకున్నాను. చేస్తున్నది మా నాన్న పనే అన్న సంగతి నాలుగో స్క్రూ తిప్పుతున్నా నాకు తట్టలేదు.

వెనక అలికిడైతే తిరిగి చూశాను. అత్త దారపు ఉండ కోసం వచ్చింది. ఆవిడ దగ్గరికి వచ్చి, గడియను ఒకసారి ముందుకీ వెనక్కీ జరిపి చూసింది.

"బిగుతుగా ఉంది," అంది. తరువాత మంచం మీద కూర్చుంది. "ఒరే, సాయంత్రం నువ్వు అద్దం పెట్టి నా కుట్లు లెక్కపెడతావని నాకు మొదటి ఏడాదిలోనే తెలిసిపోయింది."

ఆవిడ మామూలుగానే చెప్పుకుపోయింది. కుట్లు పన్నెండు పడిన రోజు, నేను చూడక ముందే విప్పేసి మళ్ళీ ఎనిమిదికి కుట్టేదట. ఐదు పడినా అంతే. పన్నెండు పడే రోజుల్లో చేతులు పరుగెడతాయి కాబట్టి విప్పి కుట్టడం తేలికట. ఐదు పడే రోజుల్లోనే ప్రాణం మీదికి వచ్చేదట.

ఎన్నాళ్ళకు ఒకసారి అని అడిగాను.

"నెలకు పది రోజులు. ఒక్కో నెల ఇరవై."

పాత రోజులు ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. మా పెద్దమ్మాయిని పుట్టిన మూడో వారం ఈవిడ చేతుల్లో పెట్టి మేం పెళ్ళికి వెళ్ళిన రోజు ఉంది. కొత్త కొట్టు తెరిచి అందరం ఫోటో దిగిన రోజు ఉంది. నాన్న పోయిన రోజు, నన్ను పట్టుకుని ఈవిడ ఓదార్చింది. వాటిలో ఏది ఎనిమిదో, ఏది పన్నెండో, ఏది ఐదో నాకేం తెలుసు? ఈ ముప్పై తొమ్మిదేళ్ళూ ఒకే ఇంట్లో ఉన్నాను. భూతద్దం పెట్టి మరీ చూశాను.

"నయమైందనుకున్నాం కదా అత్తా."

"మీరు అనుకున్నారు. మాత్ర కొంత తగ్గించింది, అంతే. చెబితే నువ్వు మోతాదు పెంచమంటావు. పెంచితే నాకు సూది కనపడదు." గడియవైపు చూసింది. "జబ్బుతోనే బతికాన్రా. బాగానే బతికాను. ఆ గడియ వేసిన గదిలో మాత్రం బతకలేదు. అది తీసెయ్."

తీసేశాను. డాక్టరు చెప్పినట్టు నెల రోజుల్లో కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాత్ర ఆపేశాం.

నాలుగో నెలలో జబ్బు వచ్చింది. ఈసారి దాచుకోలేదు. కుట్టు పూర్తికాని కోటు తీసి పోస్టుమ్యాన్‌కు తొడిగేసింది. అది అతనికి అచ్చు కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది, తిరిగి అడగడానికి నాకు మొహం చెల్లలేదు. నవ్వొచ్చిన సంగతి అదొక్కటే. మిగిలిందంతా భయమే. మూడు రోజులు మాట ఆగలేదు. పెదాలు పగిలాయి, గొంతు బొంగురుపోయింది. డాక్టరు రోజూ వచ్చి సూదిమందు ఇచ్చింది. నేనూ మా ఆవిడా వంతులేసుకుని, తలుపు బార్లా తెరిచి, పక్కనే కూర్చున్నాం. అత్త చెయ్యి పట్టుకుంటే పిచ్చుకను పట్టుకున్నట్టు లోపలంతా అదురుతోంది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకీ కష్టం, ఆ రోజు నేనన్నదే సరైంది కదా అనిపించింది.

మూడో రోజు మధ్యాహ్నం మాట కాస్త నెమ్మదించింది. కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టింది. ఆగలేక అడిగేశాను. "అత్తా, ఇప్పుడు కూడా బతకాలనే ఉందా?"

ఆవిడ నావైపు వింతగా చూసింది.

"నీకు లేదా?" అంది.

ఆ ప్రశ్న యాభై ఏడేళ్ళలో నన్నెవరూ అడగలేదు.

"ఉంది," అన్నాను.

"మరి?" అంది అత్త. మంచినీళ్ళ కోసం చెయ్యి చాపింది.