వంతెన మీద నుంచి కనిపించిన కొంగలు

నిరుడు వరదలో వాగు మా అమ్మను ఈడ్చుకుపోయి, చాలా దూరాన ఒక తుమ్మచెట్టు దగ్గర వదిలేసింది. అప్పటి నుంచి బస్సు ఆ వాగు వంతెన ఎక్కితే చాలు, అమ్మ కళ్లు గట్టిగా మూసుకుని నా చెయ్యి పట్టుకుంటుంది. అందుకే వారం వారం కాటారం నుంచి భూపాలపల్లికి, ఒక కౌన్సెలర్ మేడం దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఆవిడ అమ్మ ముందు రెండు వేళ్లు అటూ ఇటూ ఆడిస్తారు. అమ్మ ఆ రోజును తలచుకుంటూ చూపుతో ఆ వేళ్ల వెంటే వెళ్లాలి. అలా చేస్తే లోపలి భయం సడలుతుందట. నాకైతే నమ్మకం కుదరలేదు.

ఈ రోజు కూడా చివర్లో మేడం, ఇప్పుడు భయం సున్నా నుంచి పది దాకా ఎంతుందని అడిగారు.

"భయానికి నంబరేంది మేడం. అయితే అయితది, లేకుంటే లేదు" అంది అమ్మ.

తిరుగు బస్సు ఎక్కేసరికి ఎండ మెత్తబడింది. వంతెన రాగానే అలవాటుగా చెయ్యి చాపాను. ఎవరూ పట్టుకోలేదు. చూస్తే అమ్మ కిటికీకి తల ఆనించి, కళ్లు తెరిచి నీళ్లను చూస్తోంది. ఆమె చూపు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు తీరిగ్గా సాగుతోంది.

"గిన్ని కొంగలున్నయేంది బిడ్డా. ఇన్నొద్దులు యాడికి పోయినయి?"

అవి ప్రతిసారీ అక్కడే ఉన్నాయని నేను చెప్పలేదు.

వేళ్లు పనిచేశాయో, ఏడాది గడిచిందని తగ్గిందో నాకు తెలియదు. వచ్చే వారం మేడంకి ఈ కొంగల సంగతే చెబుతాను. అది ఏ నంబరు కిందికి వస్తుందో మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.