ఫోన్‌లో కుదిరిన సంధి

2006లో నేను సింగపూర్ సైన్స్ పార్క్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేదాన్ని. అఫ్గానిస్తాన్‌లో పష్తూన్లు ఎక్కువగా ఉండే ఒక పల్లెటూళ్ల జిల్లాకి, జనం ఫిర్యాదులు నమోదు చేసే సాఫ్ట్‌వేర్ తయారుచేశాం. దాన్ని వాడబోయేవాళ్లే పరీక్షించి, సరేనని సంతకం పెట్టాలి. మా భాషలో యూఏటీ అంటాం. అందుకోసం ఆ జిల్లా అధికారి గుల్ రహీమ్ గారు వచ్చారు. యుద్ధకాలంలో పెషావర్‌లో తలదాచుకుని ఉర్దూ నేర్చుకున్నారట. నాది హైదరాబాద్ కాబట్టి మాటలకి ఇబ్బంది లేకపోయింది. నన్ను బెహన్, అంటే చెల్లెమ్మా, అని పిలిచేవారు.

రెండో రోజు పొద్దున ఆయనకి ఫోన్ వచ్చింది. కాలువ నీళ్ల వంతు మీద రెండు ఊళ్లవాళ్లు కొట్టుకున్నారు. ఒకబ్బాయి తలకి పార దెబ్బ తగిలింది, ఆసుపత్రిలో ఉన్నాడు. వాళ్ల నాన్న తుపాకీ తీశాడు. ఊరి పెద్దలు అతన్ని ఎలాగో ఒప్పించి, జిల్లా ఆఫీసుకి తెచ్చి కూర్చోబెట్టారు.

"ఆర్డర్ వేసి పోలీసుల్ని పంపకూడదా?" అని అడిగాను.

"నా ఆర్డర్ ఆఫీసు గోడ దాటదు, బెహన్. వాళ్లు మాటిస్తే మాత్రం పొలాల దాకా నిలబడుతుంది."

వాళ్లతో మాట్లాడ్డానికి మీటింగ్ రూమ్ ఫోన్ కావాలని ఆయన అడిగితే మా మేనేజర్ రాజు గారు మొహం చిట్లించారు. మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగాయన. ఆ సాయంత్రానికి సంతకం రాకపోతే పైవాళ్లు ఊరుకోరు. అయినా తలుపు తీశారు.

గుల్ రహీమ్ గారు ముందు ఒక్కొక్క పెద్దమనిషినీ పలకరించారు. ఒంట్లో ఎలా ఉంది, గొర్రెలెలా ఉన్నాయి, పంటెలా ఉంది అని. రాజు గారు వాచీ చూసుకుంటున్నారు. తర్వాత ఆ తండ్రి లైన్‌లోకి వచ్చాడు. ఈయన చాలాసేపు విని, నాలుగు మాటలే అన్నారు. పష్తో ముక్క రాని రాజు గారు కూడా కుర్చీ లాక్కుని మెల్లగా కూర్చున్నారు.

ఫోన్ పెట్టేశాక, రాయి పెట్టారని చెప్పారు. తగువు తేలేదాకా ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తబోమని మాటివ్వడాన్ని వాళ్లు అలా అంటారట.

"నేనూ ఒక కొడుకుని మట్టిలో పెట్టినవాణ్ణే. నీ కోపం చల్లార్చుకోమని అడగను, నేనొచ్చి నీ గుమ్మంలో కూర్చునేదాకా ఆగు అన్నాను," అన్నారు.

తర్వాత ఆ గొడవనే మా సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించబోయి ఆగిపోయారు. ఫిర్యాదు ఏమైందో ఎంచుకోడానికి మేం పెట్టినవి రెండే: పరిష్కారమైంది, కాలేదు.

"ఇది ఆ రెండూ కాదు కదా," అన్నారు.

"మార్చెయ్యమ్మా. సంతకం రేపు చూద్దాం లా," అన్నారు రాజు గారు తన మలేషియా యాసలో. "రాయి పెట్టారు" అని మూడోది చేర్చాను. మర్నాడు సంతకం పెట్టి, గుల్ రహీమ్ గారు ఊరికి బయల్దేరారు.

కొన్ని నెలల తర్వాత ఆయనే ఫోన్ చేశారు. అన్నట్టే వెళ్లి ఆ తండ్రి గుమ్మంలో కూర్చున్నారట. అబ్బాయి కోలుకున్నాడు, ఒక చెవి మాత్రం వినపడదు. కొట్టినవాళ్లు అక్కడి ఆచారం ప్రకారం గొర్రెని తోలుకుని ఆ ఇంటి గుమ్మం ముందుకొచ్చి క్షమించమన్నారు. తండ్రి లోపలికి రమ్మన్నాడు. నీళ్ల వంతు మాత్రం ఇంకా తేలలేదు.

తగువు తేలకపోయినా మనుషులు పక్కపక్కనే బతకగలరని నాకు ఆ పనిలోనే తెలిసింది. మధ్యలో ఒకరు వచ్చి కూర్చుంటానని మాటివ్వాలి, ఆ మాట ప్రకారం రావాలి.