ఖాళీ మేకు

మా ఆయన గని దగ్గర ల్యాంప్ రూంలో పనిచేసేవాడు. షిఫ్టుకు దిగేవాళ్లకు టోపీకి తగిలించుకునే లైటు ఇవ్వడం, పైకొచ్చాక తిరిగి తీసుకోవడం ఆయన డ్యూటీ. ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరు లైటుకు గోడ మీద ఒక చోటు. షిఫ్టు ముగిశాక ఏదైనా చోటు ఖాళీగా కనిపిస్తే ఆ మనిషి ఇంకా భూమి కిందే ఉన్నాడని అర్థం. లైటు చేతికి రాగానే మా ఆయన నంబరు చదివి, "వచ్చిండు" అని గట్టిగా అనేవాడు. ఇంట్లోనూ అదే తంతు. గొడుగుకు నంబరు, టార్చిలైటుకు నంబరు, నీళ్ల బిందెకు నంబరు. నన్ను మాత్రం వదిలేశాడు, అందుకు సంతోషించాను.

నేను గోదావరిఖనిలో కంపెనీ దవాఖానలో నర్సును. తెలంగాణ రావడానికి ఇంకా కొన్నేళ్లున్నాయి. మా కాలనీలో ఒళ్లు నొప్పులంటే సూదే. గోలీ ఇస్తే మొహం ముడుచుకునేవాళ్లు. సూది పొడిస్తేనే వైద్యం చేసినట్టు. నాకు చెడ్డ కోపం వచ్చేది. మూడో వీధి చివర ఒక సూది డాక్టరు ఉండేవాడు. షిఫ్టు దిగినవాళ్లు స్నానం కూడా చేయకుండా నేరుగా ఆయన వరండాలోకి వెళ్లి చొక్కా చెయ్యి పైకి మడిచేవాళ్లు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సిరంజీలు వచ్చిన కాలమే అది. ఆయన మాత్రం వాటిని వేడినీళ్లలో జాడించి ఇంకొకరికి వేసేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. పేదవాళ్ల దగ్గర తీసుకునేది తక్కువ, అందుకే ఆ పొదుపు.

మా బావ, అంటే మా ఆయన అన్న, గనిలో బొగ్గు తొట్లు నింపేవాడు. ఆయన భార్య పోయాక పక్క క్వార్టర్లో ఒక్కడే ఉంటూ రెండు పూటలా మా ఇంట్లోనే తినేవాడు. మా ఇద్దరు ఆడపిల్లలను చెరోవైపు కూర్చోబెట్టుకుని, వాళ్ల పళ్లాల్లోంచి అప్పడాలు దొంగిలించడం ఆయనకు రోజూ ఉండే పని. రక్తదానం ఎక్కడ జరిగినా ముందుండేవాడు. అలా ఒకసారి రక్తం ఇచ్చి వచ్చాక బ్లడ్ బ్యాంకు నుంచి కబురొచ్చింది. ఆయన రక్తంలో హెపటైటిస్ సి ఉందన్నారు. పైకి ఏమీ తెలియనివ్వకుండా ఏళ్ల తరబడి కాలేయాన్ని తినేసే రోగం అది.

హైదరాబాద్ డాక్టరు ఆరు నెలల మందు రాశాడు. రోజూ గోలీలు, శనివారం శనివారం ఒక సూది. ఆ సూది మా దవాఖానలో నేనే వేసేదాన్ని. వేసిన రాత్రి నుంచి ఆయనకు చలిజ్వరం. ఒకప్పుడు సూది డాక్టరు వరండాలో సూది కోసం వరుసలో నిలబడే మనిషి ఇప్పుడు శనివారం వస్తే వణికిపోయేవాడు.

నన్ను బాధపెట్టింది జ్వరం కాదు, పళ్లెం. బావ గిన్నెల దుకాణానికి వెళ్లి, ఒక స్టీలు పళ్లెం మీద తన గని నంబరు చెక్కించుకొచ్చాడు. ఆ పళ్లెంలో అన్నం పెట్టించుకుని తన వరండాలో ఒంటరిగా తినడం మొదలుపెట్టాడు. ఆదివారం చర్చిలో ప్రభు భోజనమప్పుడు అందరూ ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగే సమయానికి వెనక వరుసలోంచి లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

"కలిసి తింటె అంటదు బావ. రక్తంల రక్తం కలిస్తెనే వస్తది," అని ఎన్నిసార్లు చెప్పానో.

"నువ్వు చదువుకున్నదానివి, అట్లనే అంటవు. పిల్లలున్న ఇల్లు," అనేవాడు. "లివర్ ఖరాబైందంటె నలుగురు ఏమనుకుంటరు? తాగి పాడుచేసుకున్నడంటరు. ఎవ్వరికీ చెప్పకు."

పిల్లలు పెద్దనాన్న ఎందుకు రావడం లేదని అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు. గుమ్మంలోంచి చూస్తే ఆయన వీపు కనిపించేది. ఏడుపొచ్చేది.

ఆ రోజుల్లోనే మా దవాఖాన పెద్ద డాక్టరు కాలనీ అంతటికీ ఈ రోగానికి ఉచితంగా రక్తపరీక్ష పెట్టించాడు. ఒక్క నరపురుగూ రాలేదు. బాగున్నవాళ్లం పరీక్ష ఎందుకు చేయించుకోవాలన్నారు. సరే, జనం ఎక్కడుంటే అక్కడికే పోదామని నేను సూది డాక్టరు వరండాకే వెళ్లాను. ఒకరికి పొడిచిన సూది ఇంకొకరికి తగలకూడదని నా గొంతు పోయేదాకా చెప్పాను. అందరూ బుద్ధిగా తలలూపారు. గెలిచానని ఇంటికొచ్చి ఆ పూట పాయసం కూడా వండాను.

వారం తిరిగాక మా ఆయన ముసిముసిగా నవ్వుతూ, "నీ పని మేం చేసిపెట్టినం, సూద్దువు రా," అని తీసుకెళ్లాడు. సూది డాక్టరు గోడకు ఒక చెక్కపలక. దాని మీద వరుసగా మేకులు. ప్రతి మేకు కింద తెల్ల పెయింటుతో ఒక గని నంబరు. మేకులకు దారాలతో వేలాడుతున్న సిరంజీలు.

"ఎవరి సిరంజి వాళ్లదే. ఒకరిది ఒకరికి తగలదు," అన్నాడు మా ఆయన. పలక చేసింది ఆయనే. రాత ముత్యాల్లా ఉంది. నాకు నవ్వాలో ఆయన్ను అక్కడే తిట్టాలో తెలియలేదు. ఆ పూటకు తిట్టాను.

మర్నాడు సాయంత్రం ఒక సెలైన్ సీసా, నీలం సిరా పట్టుకుని మళ్లీ వెళ్లాను. సంచి మోయడానికి బావను వెంట తీసుకెళ్లాను. వరండా నిండా మనుషులున్నారు.

"ఎవరి సిరంజి వాళ్లదే, మంచిదే. మందు సీసా ఎన్ని?" అని అడిగాను.

"ఒక్కటే సిస్టరమ్మ," అన్నాడు సూది డాక్టరు.

వాడిన సిరంజి ఒకటి తీసుకుని, దాని మొనకు సిరా అంటించి, సెలైన్ సీసాలో ముంచాను. నీలం మెల్లగా కిందికి జారి, సీసా అంతా పాకింది. "ఇగ ఇప్పుడు చెప్పుండ్రి, ఈ సీసల నుంచి ఎవరికి కావాలె?" అన్నాను. సూది డాక్టరు తన మందు సీసాను చేత్తో మెల్లగా వెనక్కి జరిపాడు.

అప్పుడే మా ఆయనతో పనిచేసే ఒకతను పలక వైపు చూసి, "అవునే, ఆ మేకు ఖాళీగున్నదేంది? ఎవరిది?" అన్నాడు.

నంబరు బావది. ఆయన అక్కడ సూది మానేసిన సంగతి మా ఆయన ఎవరికీ చెప్పలేదు, పలకలో అన్న నంబరు వదిలేయడానికి మనసు ఒప్పలేదు. ఇంకెక్కడైనా అయితే అది ఉత్త మేకు. గని మనుషులకు ఖాళీ చోటు కనిపిస్తే ఊరుకోలేరు. ఒక్కొక్కరే తలలు తిప్పారు.

బావ సంచి కింద పెట్టాడు.

"నాదే," అన్నాడు. "గీ వరండలనే, గీ సూదులతోనే నాకు లివర్ రోగం అంటింది. తాగి కాదు. మందు నడుస్తున్నది. నేనింకా కిందనే ఉన్న. నా ఎంబటి ఇంకెంతమంది ఉన్నరో మీకు గూడ తెల్వది. పొద్దుగాల పోయి రక్తం ఇయ్యుండ్రి."

అంత మాట ఆయన జన్మలో మాట్లాడలేదు. మర్నాడు దవాఖాన ముందు వరుస గేటు దాటింది. వరుసలో అందరికంటే ముందు సూది డాక్టరే నిలబడ్డాడు. కొందరికి రోగం బయటపడింది, వాళ్లకూ మందు మొదలైంది. ఆ తర్వాత సూది డాక్టరు ప్రతి మనిషికీ కొత్త సిరంజి విప్పి, వేశాక ఆ మనిషి కళ్లముందే సూది విరిచి డబ్బాలో వేసేవాడు. రేటు కొంచెం పెంచాడు, ఎవరూ కిక్కురుమనలేదు.

బావ మాత్రం తన పళ్లెం వదల్లేదు. మధ్యలో జ్వరాలకు విసిగి, "సూదితోటి వచ్చింది సూదితోటి ఎట్ల పోతది?" అని మొండికేశాడు. బతిమాలాను, కసిరాను, చివరికి పిల్లలను పంపాను. ఎలాగో ఆరు నెలలు గడిచాయి. ఆ తర్వాత ఇంకో ఆరు నెలలు ఆగి చేసిన పరీక్షలో రోగం లేదని తేలింది. కాగితం చేతికిస్తే మడిచి జేబులో పెట్టుకున్నాడు, అంతే.

ఆ సాయంత్రం అన్నాల వేళ మా గుమ్మంలో నీడ పడింది. బావ లోపలికి వచ్చి, తన పళ్లెం తీసి మా పళ్లాల దొంతర మధ్యలో దూర్చాడు. పైనున్న ఇంకో పళ్లెం తీసుకుని పిల్లల మధ్య కూర్చున్నాడు. నేను వడ్డించడానికి దొంతరలోంచి పళ్లాలు తీస్తుంటే నంబరు ఉన్నది మా చిన్నదాని వంతుకు వచ్చింది. నేను మార్చలేదు.

మా ఆయన పళ్లెం మీదికి వంగి, నంబరు పైకి చదివాడు.

"వచ్చిండు," అన్నాడు.

బావ ఆ పళ్లెంలోంచి అప్పడం దొంగిలించాడు.