దక్షిణపు గోడ
అరవైల చివర్లో మేము గజపతినగరంలో ఇల్లు కట్టుకుంటున్నాం. ఎనిమిదో తరగతితో బడి మాన్పించినా నేను గ్రంథాలయానికి వెళ్లడం మానలేదు. అక్కడి ఇంగ్లీషు పత్రికలో అమెరికా, కెనడా నగరాల్లోని కొత్త ఇళ్ల బొమ్మలు చూశాను. దక్షిణం వైపు గోడకు బదులు నిలువెత్తు అద్దం, దాని పక్కన కుర్చీలో పుస్తకం చదువుకుంటున్న ఆడమనిషి. నిఘంటువు దగ్గర పెట్టుకుని కింద రాసినదంతా చదివాను. చలికాలపు ఎండ గదిలోకి రావడానికట ఆ అద్దం.

మనమూ అలాగే కట్టిద్దామని నాన్నకు వివరంగా చెప్పాను.

"మనకి ఎండేటి తక్కువైనాదేటే?" అని నాన్న నవ్వాడు. "తుపానొస్తే ఆ అద్దం ఏటవతాది, సెప్పు."

నాయనమ్మ విస్తరాకులు కుడుతూ, "దార్న పోయినోల్లందరూ మన కంచాల్లోకి సూస్తారు. రోజూ దిష్టి నువ్వు తీస్తావేటే?" అంది.

"పోనీ, కిటికీ అయినా పెద్దది పెట్టించు నాన్నా."

"సూద్దాంలే" అన్నాడు.

ఆ వారమే వానలు పట్టుకుని బట్టీ నుంచి ఇటుక రావడం ఆగిపోయింది. అప్పటికే మూడు వైపులా గోడలు లేచాయి, దక్షిణం మాత్రం ఖాళీగా ఉండిపోయింది. వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా అక్కడ పునాది మీద పీట వేసుకుని చదువుకునేదాన్ని. తలెత్తితే నువ్వు చేలు, వాటి వెనక తడిసిన కొండలు. పుస్తకం మూసి వాటినే చూస్తూ ఉండిపోయిన రోజులూ ఉన్నాయి.

వానలు వెలిశాక ఇటుక వచ్చింది. నాన్న తెచ్చిన కిటికీ చట్రం చిన్నదే. గోడ లేస్తుంటే నేను అక్కడే కూర్చున్నాను. కొండలు కనిపించకుండా పోయాక లేచి నిలబడ్డాను. నిలబడినా కనిపించనప్పుడు పీట ఎక్కాను.